మంగళానికి తెలిసిన సంగతి

రాజపాళయం
12 జూన్ 1938

మంగళమ్మా,

మీ ఇంట్లో పిల్లా, గోవింద మరిదీ బాగున్నారనుకుంటాను. ఇక్కడ కొండమీద నుంచి తుంపర దిగడం మొదలైంది. పెరట్లో వేసిన చీరలు సాయంత్రానికి కూడా ఆరడం లేదు. సేత్తూరు తోట మామిడిపళ్ళు ఒక బుట్ట మీ బావ చేత పంపుతున్నాను. మెత్తబడినవి ముందు తినండి.

ఈ ఉత్తరం మాత్రం ఆయన చేతికివ్వకుండా పోస్టులో వేస్తున్నాను. ఎందుకో చెప్తాను.

మీ బావ నెలనెలా మద్రాసు వస్తున్నారు కదా. అడిగితే పత్రికాఫీసులో పని అంటారు. కథ రాసేవాడికి పోస్టు కవరు చాలదా? మిల్లులో పత్తి బళ్ళు వచ్చి నిలబడ్డ రోజున కూడా అంతా గుమాస్తా మీద వదిలి రైలెక్కారు. ఇదివరకు వీణ ముందరింట్లోనే వాయించేవారు. నేను వంటింట్లో నుంచి "ఆ చోటు ఇంకొకసారి" అంటే నవ్వుకుంటూ మళ్ళీ వాయించేవారు. ఉగాది తరువాత వీణను పై అంతస్తుకు, మాడి మీది గదిలోకి మార్చారు. తలుపు మూసుకుంటారు. పిలిస్తే పలకరు. దగ్గరికి పోయి భుజం తడితే ఉలిక్కిపడతారు. మనసులో ఏమీ లేనివాడు ఉలిక్కిపడతాడా, నువ్వే చెప్పు.

అత్తయ్య తన కొడుకని కూడా చూడలేదు. నిన్న తమలపాకు చుట్టుకుంటూ అంటుంది: "పెండ్లాము పిలిస్తే మొగోడు పలకలేదంటే వాని చెవి ఇంకెవతి దగ్గరో వుండాదని అర్తమే, రుక్మణీ."

ఆ మాట నవ్వి తోసేద్దును. కానీ పోయిన నెల పత్రికలో వచ్చిన ఆయన కథ చదివావా? అందులో ఒకడు గోడ అవతలి ఆడదాని గొంతు విని, ముఖమైనా చూడకుండానే మనసు పారేసుకుంటాడు. ఆ గొంతుకు గుక్క తిప్పుకునే చోటు ఉందంటాడు, కోపం వస్తే కొసన చిన్న జీర ఉందంటాడు. వినకుండా అట్లా రాయలేరు. "ఎవురిది ఆ గొంతు?" అని అడిగితే ఊరకే నవ్వారు.

ఆయన మీ ఇంట్లోనే కదా దిగేది. పొద్దున ఎక్కడికి పోతారో, ఎప్పుడు వస్తారో కాస్త కనిపెట్టు. జవాబు నా పేరుకు రాయకు. ఈ ఇంట్లో తెలుగు చదివేది ఆయనా నేనూ ఇద్దరమే, అత్తయ్యకు అరవమే. మా వంటమనిషి వెళ్ళయమ్మాళ్ పేరుకు వేయి. దానికి ఏ భాషా చదవరాదు.

నీ అక్క
రుక్మణి


తిరువల్లికేణి, మద్రాసు
9 జూలై 1938

అక్కా,

వంటమనిషికి తెలుగు ఉత్తరం వస్తే మీ ఊరి పోస్టుమాన్ ఏమనుకుంటాడో అని ఒకటే నవ్వు వచ్చింది. మామిడిపళ్ళు అమృతం. పాప టెంక కూడా వదల్లేదు.

నీ ఉత్తరం చదివి మొదట నిన్ను ఆట పట్టిద్దామనుకున్నాను. బావ సంగతి మనకు తెలియదా. చిన్నప్పుడు మేనత్త ఇంటికి పోతే, మనం జామచెట్టెక్కి అల్లరి చేస్తున్నా తల ఎత్తకుండా పుస్తకం చదివే మనిషి. అట్లాంటి వాడికి ఇంకో ఆడదా అనుకున్నాను.

కానీ చూసినది చూసినట్టు రాయకపోతే నీకు అన్యాయం చేసినదాన్నవుతాను. బావ మంగళవారం వచ్చారు. బుధవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, "పత్తిరికాఫీసుకు పోయొస్తాను" అని బయలుదేరారు. మీ మరిది రైల్వే ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఆ పత్రికాఫీసులోకి తొంగి చూశారు. రాజా గారు, అంటే మన బావ, ఈ నెల రానే లేదన్నారట. సాయంత్రం బావ వచ్చాక నేను ఏమీ తెలియనట్టు, "ఆఫీసులో అందరూ బాగున్నారా?" అన్నాను. "బాగుండారు, కాఫీ ఇచ్చినారు" అన్నారు.

ఇంకొకటి. చొక్కా ఉతకడానికి తీస్తే కాలరు దగ్గర ఏదో వాసన. అత్తరు కాదు, పువ్వుల వాసనా కాదు. ఘాటుగా, స్పిరిటు లాగా ఉంది.

అక్కా, తొందరపడి ఏమీ అడగకు. వచ్చేసారి నేను జాగ్రత్తగా చూస్తాను.

మంగళం


రాజపాళయం
3 ఆగస్టు 1938

మంగళమ్మా,

తొందరపడవద్దన్నావు. నేను ఎన్నాళ్ళు ఆగగలనో నీకు తెలుసు కదా.

మొన్న మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆయన వెనకగా నిలబడి, నెమ్మదిగానే అడిగాను. "మద్రాసులో పత్తిరికాఫీసుకు పోనే లేదంట గదా. మరి ఎక్కడికి పోయినారు?"

ఆయన పులుసన్నం కలుపుకుంటూ, అవునన్నట్టు తల ఊపి, "ఆమా, పోయిన వారము పడినట్ల ఈ వారము వాన పడలేదు" అన్నారు.

నేనేమడిగాను, ఆయనేం చెప్పారు? నా చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. పక్కన కూర్చున్న అత్తయ్య నా ముఖం చూసి తల దించుకుంది. ఎగతాళి చేస్తే కూడా ఓర్చుకోవచ్చు. ఇది ఎగతాళి కూడా కాదు, నన్ను మనిషిగా లెక్కపెట్టకపోవడం.

స్పిరిటు వాసన అన్నావు. అది ఏ ఇంటి వాసన? తాగుడు మొదలుపెట్టారా అని నేను రెండు రాత్రులు ఆయన దగ్గరగా ముఖం పెట్టి చూశాను. నోట్లో ఏ వాసనా లేదు. మరి కాలరుకు ఎట్లా వచ్చింది? తాగే మనిషి ఎవరో ఆయన మెడమీద వాలి ఉండాలి. ఇట్లా రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ ఒకసారి తలలోకి వచ్చిన ఆలోచనను ఏ గడియ పెట్టి ఆపుతాను?

ఇంకో కథ రాస్తున్నారు. కాగితాలు బల్లమీద ఉంటే చూశాను. మనుషులు తక్కువ, చప్పుళ్ళే ఎక్కువ. దువ్వెన పళ్ళ చప్పుడు, అరుగు మీద చెంబు పెట్టిన చప్పుడు, ఆడదాని మెట్టెల చప్పుడు. పేజీలకు పేజీలు. ఇంటి చప్పుడే వినని మనిషికి ఈ చప్పుళ్ళన్నీ ఏ ఇంట్లోవి?

వచ్చే నెల ఆయన వచ్చినప్పుడు నువ్వు జట్కా మాట్లాడుకుని వెనకాలే పో. మేనబావే కదా, ఎవరైనా చూసినా తప్పు పట్టరు. నాకు నిజం కావాలి. ఎంత చేదుదైనా సరే.

రుక్మణి


మద్రాసు
17 అక్టోబరు 1938

అక్కా,

ఇన్నాళ్ళు రాయలేదని కోపగించుకోకు. పాపకు దగ్గు. ఇక్కడ ముసురు పట్టుకుని వదలడం లేదు. కట్టెలన్నీ తడిసి పొయ్యి రాజేయడమే పెద్ద పనిగా ఉంది.

నువ్వు చెప్పినట్టే బావ వెంట వెళ్ళాను. అక్కా, నామీద నమ్మకముంటే ఒక్క మాట నమ్ము. ఆయన దగ్గర ఏ తప్పూ లేదు. ఏ ఆడదీ లేదు. ఇంక ఆ అనుమానం వదిలిపెట్టు.

ఎక్కడికి వెళ్ళారని నన్నడగకు. నేను చెప్పకూడదు.

మీ తోటలో కొబ్బరికి ధర వచ్చిందా? అత్తయ్య మోకాళ్ళ నొప్పికి తైలం పంపనా?

మంగళం


రాజపాళయం
2 నవంబరు 1938

మంగళానికి,

చెప్పకూడదా? ఎవరు వద్దన్నారు? నిన్ను చూసి రమ్మన్నది నేను. చూసి వచ్చి, చూసినది నాకే చెప్పనంటున్నావు. కొబ్బరి ధర అడుగుతున్నావు.

ఇక్కడ సంగతి చెప్తాను విను. మీ బావ ఈ నెల నుంచి మద్రాసులో వారం పది రోజులు ఉంటారట. ఇక్కడి వీణ చాలదని, మన నాయన వీణ నీ దగ్గర ఉంది కదా, దాని మీద సాధకం చేసుకుంటారట. "వీణ ఇంట్లో వుండాది గదా, అక్కడికి ఎందుకు?" అంటే, ఈసారి మాత్రం నా నోటివంకే చూస్తూ విని, "మంగళము పక్కన వుంటే నాకు సులువు" అన్నారు.

సులువు. ఆ మాట చాలాసేపు నాలోనే నమిలాను.

నాకు మరుపు లేదమ్మా. నాయన మన ఇద్దరికీ వీణ చెప్పించాడు. నాకు వేళ్ళు తిరగలేదు, నీకు తిరిగాయి. మేనత్త కొడుకుకు పెళ్ళి అన్నప్పుడు ఊళ్ళో ఏమన్నారు? "వీణ వాయించే పిలకాయకు వీణ వాయించే పిల్లనియ్యక, పెద్దదని రుక్మణినిస్తారేమి" అన్నారు. చావడిలో మగవాళ్ళు అన్నారు, బావి దగ్గర ఆడవాళ్ళు అన్నారు. నువ్వప్పుడు పద్నాలుగేళ్ళదానివి, నవ్వావు. ఆ నవ్వు నాకు ఇప్పుడు గుర్తొస్తున్నది.

నేను ఏమీ అనడం లేదు. అడుగుతున్నాను. ఆయన ఎక్కడికి పోతున్నారు?

రుక్మణి


మద్రాసు
20 నవంబరు 1938

అక్కా,

నీ ఉత్తరం చదివి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. పొగ వల్ల అని మీ మరిదికి చెప్పాను.

నేను నవ్వింది ఊళ్ళో వాళ్ళ ఆ మాటకు కాదు. పెళ్ళి మాటలప్పుడు నువ్వు సిగ్గుతో స్తంభానికి తల కొట్టుకున్నావే, అందుకు నవ్వాను. అంతే.

బావ తానే నీకు చెప్తారు. చెప్పమని వచ్చిన ప్రతిసారీ పోరుతూనే ఉన్నాను. ఆయన బాధ నీకు తెలియదక్కా. తెలిస్తే ఇట్లా రాయవు. పాప తలమీద చెయ్యి వేయించి నా చేత ఒట్టు పెట్టించుకున్నారు. ఒంట్లో బాగాలేని పిల్ల. నేను ఆ ఒట్టు దాటలేను.

నన్ను ఏమైనా అను. ఆయన్ను అనకు.

మంగళం


రాజపాళయం
8 ఫిబ్రవరి 1939

మంగళానికి,

రెండు నెలలు నీకు రాయకూడదని పట్టుదలతో ఉన్నాను. ఆయన బాధ నాకు తెలియదని, నీకు తెలుసని రాసిన మనిషికి ఏమని జవాబు రాస్తాను?

ఇప్పుడు రాయక తప్పడం లేదు. పత్రిక వచ్చింది. "కలమూ తంత్రీ" అని పెద్ద అక్షరాలు వేసి, వాద్యాలు వాయించే రచయితల గురించి ఎనిమిది పేజీలు. ఫిడేలు పట్టుకున్న ఒక నవలాకారుడు, మృదంగం ముందు ఒక వకీలు కవి, వేణువుతో ఒక డాక్టరు. నాలుగో బొమ్మ వీణతో మీ బావ. చాప మీద కూర్చుని, తల వంచి. బాగా వచ్చింది. చావడిలో చేతులు మారి, బట్టల కొట్టులో చేతులు మారి, చివరికి మా ఇంటికి చేరేసరికి పేజీ నలిగిపోయింది.

బొమ్మ అంచున ఇంకొక చెయ్యి ఉంది. ముఖం లేదు, కత్తిరించేశారు. కానీ వీణ తీగ బిగించే బిరడ మీద ఒక ఆడదాని చెయ్యి ఉంది. ఆ చేతి మీదుగా జారిన కొంగూ ఉంది. అంచులో నెమళ్ళు. నీ సీమంతానికి నేను పుళియంగుడి నుంచి నేయించి తెచ్చిన చీర. నెమలికి నెమలికి మధ్య చుక్క పెట్టమని నేతగాడికి చెప్పింది నేను.

అత్తయ్య భూతద్దం తెచ్చుకుని చూసింది. చాలాసేపు చూసి, "నా తమ్ముని బిడ్డలిద్దురూ నాకు ఒకటే" అని పేజీ మూసింది. ఆమె అంతకన్న తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఊళ్ళో అడుగుతున్నారు. "పక్కన వుండేది నువ్వేనా రుక్మణీ?" అని. నేను అవునన్నాను. నీ చెయ్యి నాదని చెప్పుకోవలసి వచ్చింది నాకు.

ఇక నాకు రాయకు. వెళ్ళయమ్మాళ్ పేరుకు కూడా రాయకు.

రుక్మణి


మద్రాసు
15 ఫిబ్రవరి 1939

అక్కా,

రాయవద్దన్నా రాస్తున్నాను. చించేముందు ఒకసారి చదువు.

ఆ చెయ్యి నాదే. ఆ చీర నువ్విచ్చినదే. బొమ్మ తీసినప్పుడు మీ మరిదీ, పత్రిక సంపాదకుడూ, పాపా అందరూ ఆ గదిలోనే ఉన్నారు. నేను బావ పక్కన ఎందుకు కూర్చున్నానో, బిరడ మీద నా చెయ్యి ఎందుకుందో ఆయననే అడుగు. ఒట్టు దాటకుండా నేను చెప్పగలిగింది ఇదొక్కటే. అడిగేటప్పుడు ఎదురుగా నిలబడి, ఆయన నీ ముఖం చూస్తున్నప్పుడు అడుగు. వెనకనుంచి అడగకు.

మంగళం


రాజపాళయం
27 మార్చి 1939

మంగళమ్మా,

నీ ఉత్తరం చదివాను. చదివి, ఇది ఇంకో నాటకం అనుకున్నాను. ఎదురుగా నిలబడాలట, ముఖం చూడాలట, మొగుడిని ఎట్లా అడగాలో కూడా ఇది నేర్పుతుందా అనుకుని పొయ్యిలో వేశాను.

నిన్న ఆదివారం. అత్తయ్య ఆండాళ్ సేవకని శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళింది. వెళ్ళయమ్మాళ్ దిబ్బ దగ్గర అంట్లు తోముతోంది. మాడి మీద వీణ మోగుతోంది. అడగవలసిందేదో ఈరోజే అడిగేద్దామని మెట్లెక్కాను. తలుపు గడియ వేయలేదు.

ఆయన కిటికీ వైపు తిరిగి, నాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. వీణను ఎప్పటిలా పట్టుకోలేదు. ఇంకా పైకెత్తుకుని, బాగా ముందుకు వంగి, దవడను దండికి ఆనించి మీటుతున్నారు. కర్రను కొరుకుతున్నారా అనిపించింది. అది కూడా నాకు అసహ్యంగానే తోచింది. కట్టుకున్నదానికి లేని దగ్గరతనం ఆ కర్రకు ఉందే అనుకున్నాను.

అక్కడే గడప దగ్గర నిలబడి అన్నీ అనేశాను. మంగళమ్మా, నేను ఏమేమి అన్నానో అన్నీ రాయలేను. నిన్ను అన్నాను. ఆయన్ను అన్నాను. బిడ్డలు లేనందుకే నన్నిట్లా తోసేస్తున్నారా అన్నాను. మనిద్దరిలో ఎవరు కావాలో ఈ పొద్దే చెప్పమన్నాను. నా గొంతు నేను ఎన్నడూ వినని గొంతులా ఉంది. కింద వెళ్ళయమ్మాళ్ తోమడం ఆపేసింది, అది నాకు వినబడింది.

ఆయన చెయ్యి ఆగలేదు. ఒక్క మెట్టు తప్పలేదు. అదే పట్టు మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నారు. నా ప్రాణం పోతున్నా ఈయనకు రాగమే కావాలి అనుకుని లోపలికి రెండడుగులు వేశాను. నా నీడ వీణ మీద పడింది.

అప్పుడు వెనక్కి తిరిగారు. నన్ను చూసి ముఖం విప్పారింది. "ఎప్పుడొచ్చినావు?" అన్నారు. "తినేకి పిలిచినావా?"

ఆయన నా పెదాల వంక చూస్తూ, ఏదో చెప్తానని కాచుకుని ఉన్నారు. బడిలో అయ్యవారు ఏమడుగుతాడో అని చూసే పిల్లాడిలాగా ఉన్నారు.

వాన మాట, స్పిరిటు వాసన, ఉలిక్కిపడడం, బిరడ మీద నీ చెయ్యి, అన్నీ ఒక్క చోటికి వచ్చి పడ్డాయి.

"ఆమా, పిలిచితిని" అన్నాను. "రాండి, చల్లారిపోతుంది."

ఆయన వీణ దించి, చేతులు కడుక్కుని వచ్చారు. నేను అన్నం పెట్టాను. ఏడవలేదు. ఏడిస్తే అడుగుతారు కదా.

నాకు తెలిసిందని ఆయనకు ఇంకా తెలియదు. ఇక నీ ఒట్టు నిన్ను కట్టిపడేయదు. ఏమి జరిగిందో అంతా రాయి.

రుక్మణి


మద్రాసు
3 ఏప్రిల్ 1939

అక్కా,

నీ ఉత్తరం మీ మరిదికి చదివి వినిపించబోయి సగంలో ఆపేశాను. ఆయనే తీసుకుని చదువుకున్నారు.

ఆ రోజు జట్కాలో బావ వెనకాల వెళ్ళాను. ఎగ్మూరు దాటి ఒక మేడ ముందు ఆగారు. గుమ్మంలో బోర్డు చూశాక నాకు సిగ్గేసింది. చెవి డాక్టరు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల కాంపౌండరేమో, ఒకతను తలుపు ఓరగా వదిలి వెళ్ళాడు. డాక్టరు శ్రుతిదండం మోగించి బావ తల వెనక పట్టుకుంటున్నాడు. "ఇప్పుడు?" అని కాగితం మీద రాసి చూపిస్తున్నాడు. బావ తల అడ్డంగా ఊపుతున్నారు. దాన్నే దవడ ఎముకకు ఆనించినప్పుడు, "ఆ, ఇప్పుడు ఇనబడతాది" అన్నారు. ఆ "ఇనబడతాది" అన్నప్పటి ముఖం నేను మరిచిపోలేను.

స్పిరిటు వాసన వేసే మందు చుక్కలు చెవిలో వేస్తూ చూద్దామన్నాడట డాక్టరు, కానీ పోయేది ఆగదనీ చెప్పాడట. మిల్లు చప్పుడు కొంత కారణం కావచ్చునన్నాడు. బయటికి వచ్చిన బావ నన్ను చూసి, తానూ నా జట్కాలోనే ఎక్కారు. ఇంటికి వచ్చాక పాపను ఒళ్ళో పెట్టుకుని నా చేత ఒట్టు వేయించుకున్నారు. మిల్లులో బేరమంతా నోటి మాట మీద నడుస్తుంది, భాగస్థులకు తెలిస్తే పక్కన పెడతారు అన్నారు. అత్తయ్యకు చెప్పలేను అన్నారు. నీకు ఎందుకు చెప్పరని అడిగితే మాత్రం జవాబు చెప్పలేదు.

శ్రుతి పెట్టుకోవడం ఆయనకు కష్టమైపోయింది. అందుకు నేను పక్కన కూర్చునేదాన్ని. సంపాదకుడికి అనుమానం రాకూడదని, ఆ బొమ్మ తీసిన రోజున బిరడ తిప్పింది నేను.

గోడ అవతలి గొంతు ఎవరిదని నేనూ అడిగాను అక్కా. "తోడబుట్టినదానివి, నీకే తెలియలేదా?" అన్నారు.

నీకు తెలిసిందని ఆయనకు చెప్పు. ఇంకా దాచుకోవడం ఇద్దరికీ మంచిది కాదు.

మంగళం


రాజపాళయం
24 ఆగస్టు 1939

మంగళమ్మా,

చెప్పమన్నావు. చెప్పలేకపోయాను. ఆయన అంత కష్టపడి దాచుకుంటున్నది నేను లాగి బయట పెట్టడమా అనిపించింది. ఎదురుగా నిలబడి మాట్లాడడం అలవాటు చేసుకున్నాను. దీపం నా ముఖం మీద పడేటట్టు కూర్చున్నాను. ఆయన సంతోషించారు, తనకు కొంచెం నయమైందనుకున్నారో ఏమో.

కానీ పోయిన వారం అంతా బయటపడింది. బయట పెట్టింది నేనే.

పత్రికలో బొమ్మ వచ్చినప్పటి నుంచి చావడి పెద్దలు సన్మానం అంటున్నారు కదా. శుక్రవారం సాయంత్రం పెట్టారు. మగవాళ్ళు ముందర, మేము ఆడవాళ్ళం పక్క వరండాలో. వీణకు ఇంట్లోనే, ఆయన చూడకుండా నేను శ్రుతి పెట్టి పంపాను. తిరగని వేళ్ళే అయినా చెవి ఇంకా ఉంది నాకు. ఒక అరగంట వాయించారు. ఎంత బాగా వాయించారంటే మిల్లు వాళ్ళు కూడా పొడుం పీల్చడం మరిచిపోయారు.

తరువాత కథల గురించి ఎవరైనా ఏమైనా అడగవచ్చునన్నారు. హైస్కూలు టీచరు ఒకాయన వెనక వరసలో లేచి, "మీ కతలకు మీ గురువెవరు?" అన్నాడు. మీ బావ చిరునవ్వుతో, "మాది సేత్తూరు పక్కన, కొలతకు రెండు కురుక్కముల తోట" అన్నారు. కొందరు నవ్వారు. చమత్కారమనుకున్నారు. టీచరు మళ్ళీ అడిగాడు. "ఆమా ఆమా, ఈ ఏడు కాపు బాగుండాది" అన్నారు. ఈసారి అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆయనకు కనబడింది. ఎందుకో తెలియక తానూ నవ్వారు.

అది నేను చూడలేకపోయాను. లేచి వరండా దాటి మగవాళ్ళ మధ్యకు వచ్చాను. ఎవరో "అమ్మా" అని ఆపబోయారు.

"ఆయనకు చెవులు ఇనబడవు" అన్నాను. "అడగాలనుకునేది కాయితము మీద రాసియ్యండి. ఆయన చెప్తారు."

మీ బావ నా పెదాలు చూశారు. నేనేమన్నానో ఆయనకు అర్థమైంది. ఆ ముఖం ఎట్లా మారిందో నీకు చెప్పలేను. టీచరు మాత్రం మంచివాడు, జేబులోంచి పెన్సిలు తీశాడు. మీ బావ ఆ కాగితం చదివి జవాబు చెప్పారు. ఇంకొకరు రాసిచ్చారు. ఇంకొకరు. దీపాలు పెట్టేదాకా సాగింది.

ఇంటికి వచ్చాక నాతో మాట్లాడలేదు. మరునాడు మిల్లు భాగస్థుడు బాలకృష్ణన్ వచ్చి, "ఇంక పత్తి బేరము నేను చూస్తాను, లెక్కలు మీరు చూడండి" అని మర్యాదగా చెప్పి పోయాడు. ఏడాదిగా ఆయన భయపడినది అదే. నా వల్లే జరిగింది. అత్తయ్య నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె కొడుకు ముందు కూర్చుని, తమలపాకు నోట్లోంచి తీసి, ఒక్కొక్క మాట నిదానంగా అన్నది: "నా కోడలిని ఇన్నాళ్ళు ఎందుకు బాధపడనిచ్చితివిరా?"

ఆదివారం సాయంత్రం ఆయనే వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నారు. నేను పొయ్యి వదిలి ఎదురుగా కూర్చుని అడిగాను. "మంగళముకు తెలియాల, నాకు తెలియకూడదా? ఎందుకు?"

ఆయన అన్నారు: "తెలిసినోళ్ళందరూ నాతో అరిచి మాట్లాడతారు రుక్మణీ. డాక్టరు అరిచినాడు, మంగళము అరిచింది. అరిస్తే అందరి గొంతూ ఒకటే. నీకు చెప్పితే నువ్వూ అరుస్తావు. ఇంక మిగిలిందే కొంచెము. ఆ కొంచెములో నీ గొంతు మారిపోతే నేను ఏమి చేయాల?"

మంగళమ్మా, నిన్ను ఎన్ని మాటలు అన్నానో నాకు తెలుసు. నువ్వు మనసులో పెట్టుకోవనీ తెలుసు. కానీ ఆయన బాధ నాకన్న ముందు నీకు తెలిసిందన్నది నాకింకా లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. అది పోవడానికి కొంతకాలం పడుతుంది. పోనీ, నీకు చెప్పేశాను కాబట్టి సగం పోయినట్టే.

నేను అరవడం లేదు. ఎప్పటి గొంతుతోనే మాట్లాడుతున్నాను, ఎప్పటిలాగే సణుగుతున్నాను. ఆయన నా పెదాల వంక చూస్తూ అన్నిటికీ తల ఊపుతారు. సగం వినబడదని నాకు తెలుసు, ఊపడం అబద్ధమనీ తెలుసు. నిన్న కొత్త కథ చదివి, "ముగింపు బాగాలేదు, అది మార్చండి" అన్నాను. నవ్వుతూ తల ఊపి, పక్కకు తిరిగి ఏమీ మార్చకుండా కవరులో పెట్టి అంటించేశారు. వినబడలేదో, వినబడీ వినబడనట్టున్నారో, ఎంత చూసినా నాకు తేలలేదు. అడగలేదు. ఆ మాత్రం అనుమానం మొగుడి మీద ఉంటే ఉండనీ.

పాపకు ముద్దులు. నవరాత్రికి అందరూ రండి.

నీ అక్క
రుక్మణి